ఎనిమిది ట్రాకుల మెషీన్

లండన్,
ఫిబ్రవరి 1969

డోరీన్ అక్కకు,

"పాడేది మా తమ్ముడు, వాయించేది ఆ ముగ్గురు, మధ్యలో నువ్వక్కడ వెలగబెట్టేదేమిట్రా?" అని అడిగావు కదా, చెబుతా విను. స్టూడియోలో వాళ్ళు అద్దానికి అవతల, నేను ఇవతల. వాళ్ళు చేసే గోలనంతా టేపు మీదికి ఎక్కించేది నేనే. కాబట్టి నీ తమ్ముడు రసెల్ అంత పేరు తెచ్చుకున్నాడంటే అందులో నా వాటా కూడా ఉంది, ఊళ్ళో కాస్త చెప్పు.

అసలు విషయం, మాకు కొత్త మెషీన్ వచ్చింది. నలుగురు మనుషులు మోసుకొచ్చి దించారు. పాతదానికి నాలుగే ట్రాకులు, అంటే టేపు మీద శబ్దాన్ని విడివిడిగా ఎక్కించే వరసలు. అందుకని 'టాలో లేన్' బృందం మొత్తం ఒకే గదిలో నిలబడి ఒక్కసారే వాయించాలి. ఒకడు తప్పితే అందరూ మళ్ళీ మొదటికి. పొద్దున తిట్టుకుని మొహాలు మాడ్చుకున్నా సరే, సాయంత్రం పక్కపక్కన నిలబడక తప్పేది కాదు. కొత్తదానికి ఎనిమిది ట్రాకులు. ఒకడు వచ్చి తన ముక్క వాయించి ఇంటికి పోవచ్చు. ఇంకొకడు వారం తర్వాత వచ్చి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆ మొదటివాడిని వింటూ తన ముక్క కలపొచ్చు. వినేవాళ్ళకి నలుగురూ కలిసి వాయించినట్టే ఉంటుంది.

దాంతోపాటు శబ్దాలు కలిపే బల్ల కూడా మార్చారు. పాతదానిలో గాజు వాల్వులు ఉండేవి, పొయ్యిలా వేడెక్కేది. రసెల్ దాని మీద మాంసం కూరిన రొట్టె పెట్టి వెచ్చబెట్టుకునేవాడు. కొత్తదానికి వేడి లేదు. గది మొత్తం చల్లగా ఉంటోంది, నేను కోటు విప్పడం లేదు.

నలుగురూ చూడ్డానికి వచ్చారు. గిటారు వాయించే ఎలెక్‌కి, రసెల్‌కి క్రిస్మస్ నుంచి మాటల్లేవు. ఎలెక్ మెషీన్ చుట్టూ తిరిగి, "హమ్మయ్య, ఇకమీదట నీ మొహం చూడకుండానే పని కానివ్వొచ్చన్నమాట" అన్నాడు. అందరం నవ్వాం. రసెల్ మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకి పిలిచి, నిజంగానే మనిషి లేకుండా పని నడుస్తుందా అని అడిగాడు. ఒకసారి ఎక్కించాక ఇంక మనిషితో పనేముంది అన్నాను.

కాస్త ఊరి కబుర్లు రాయి.

ట్రెవర్


టాడ్‌మర్డెన్,
మార్చి

ఒరేయ్ ట్రెవర్,

నీ మెషీన్ గొప్ప చదివాను. బాగుంది కానీ, మొహాలు చూసుకోకుండా చేసే పని ఏం పనిరా? మా మగ్గాల షెడ్డులో చెవులు పనికిరావని నీకు తెలుసు. మీ అమ్మ కూడా అక్కడే పనిచేసిందాయె. నాలుగు వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కమనిషి అరిచినా వినపడదు. పెదాలు చూసి మాట పట్టుకోవాలి. నిన్న అటు చివర నిలబడి ఎడ్నా తన అత్తగారిని ఆడిపోసుకుంటుంటే ఇటు చివర నుంచి పొల్లుపోకుండా చదివేశాను. కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

సరే, రసెల్ సంగతేమిటి? క్రిస్మస్‌కి వచ్చి వెళ్ళాక ఒక్క ఉత్తరం ముక్క లేదు. వచ్చినప్పుడు కొండెక్కుతూ మూడుసార్లు ఆగాడు. ఊరు చూస్తున్నానని బుకాయించాడు. పుట్టి పెరిగిన ఊరేగా, కొత్తగా చూసేదేముంది? నాకు గుబులుగా ఉంది.

వాడు నాకు రాయడు. నువ్వు రోజూ చూస్తావు కాబట్టి నువ్వు రాయి. తింటున్నాడా, నిద్రపోతున్నాడా, ఎలా ఉన్నాడు? చిన్నప్పుడు మా ఇంట్లో తిన్న తిండికి ఈ మాత్రం చెయ్యి.

డోరీన్


లండన్,
ఏప్రిల్

అక్కా,

ఆలస్యమైంది, తిట్టకు. ఊపిరి సలపనంత పని.

ఇప్పుడు నలుగురికీ నాలుగు వేళలు. ఎలెక్ పొద్దున వస్తాడు. డ్రమ్స్ వాయించే బార్నీ మధ్యాహ్నం. బేస్ గిటారు హ్యూ తనకి తోచినప్పుడు. రసెల్ సాయంత్రం, ఎలెక్ కారు వెళ్ళిపోయిందని ఫోనులో అడిగి తెలుసుకున్నాకే వస్తాడు. ఒకరికొకరు చెప్పాల్సినవన్నీ నాతో చెప్పి పోతారు. "ఆ గాయకుడుగారికి చెప్పు, రెండో చరణం సాగదీస్తున్నాడని." "ఆ గిటారుగాడికి చెప్పు, వేళ్ళు ఉన్నాయి కదా అని అన్నీ వాడక్కర్లేదని." అన్నీ చెప్పనులే. చెబితే రక్తం కళ్ళజూస్తారు. నలుగురినీ చూసేది ఇప్పుడు నేనొక్కడినే.

ఒక తమాషా చెబుతా. కొత్త బల్ల మీద ఒక మీట నొక్కితే మిగతా అందరూ మూగబోతారు, ఒక్కడే వినిపిస్తాడు. పాత రోజుల్లో డ్రమ్స్ హోరులో పడి ఎవరి ఊపిరి ఎవరికీ వినపడేది కాదు. ఇప్పుడు రసెల్ గొంతు ఒక్కటే పెడితే, లైనుకీ లైనుకీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. చివర్లో సన్నగా ఈల వేసినట్టు ఉంటుంది. రికార్డు తీయించే హాలివెల్ గారికి అది గిట్టదు. "తుడిచెయ్ ట్రెవర్, గొంతు కడిగిన గాజులా ఉండాలి" అంటారు. నేను కూర్చుని ఒక్కొక్క ఊపిరీ తుడిచేస్తుంటాను. ఓపిక కావాలి కానీ పెద్ద కష్టమేం కాదు.

రసెల్‌కి కాస్త జలుబు చేసింది, అంతే. లండన్ పొగకి ఎవరికి చెయ్యదు?

ట్రెవర్


టాడ్‌మర్డెన్,
ఏప్రిల్ చివర

ట్రెవర్,

ఈల అన్నావు.

అది జలుబు కాదురా. నీకు తెలియకపోతే చెబుతా, తెలిసే దాస్తున్నావా అంటే నీ సంగతి తర్వాత చూస్తా. మా నాన్న ముప్ఫై ఏళ్ళు పత్తి ఏకే గదిలో చేశాడు. ఆ దూది దుమ్ము తెల్లగా మెత్తగా ఉంటుంది, మంచులా పడుతుంది, అంతా లోపలికే పోతుంది. మొదట ఆదివారం సెలవయ్యాక వచ్చే సోమవారాలు మాత్రమే ఛాతీ పట్టేసేది. తర్వాత రోజూ. ఆఖరి రెండేళ్ళు గోడ అవతల నుంచి నేను విన్నది ఆ ఈలే. ఈల ఆగితే లేచి వెళ్ళి చూసేదాన్ని, పొద్దు పొడిచేదాకా కంటి మీద కునుకుండేది కాదు.

రసెల్ పదిహేనేళ్ళకే అదే గదిలో చేరాడు. పాటలు కలిసొచ్చి బయటపడ్డాడు, బతికిపోయాడనుకున్నాం.

వాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. చెవి పట్టుకుని ఈడ్చుకెళ్ళు. ఏమన్నాడో నాకు రాయి. ఈ ఒక్క పని చెయ్యరా, నీకు దండం పెడతాను.

డోరీన్


లండన్,
జూన్

అక్కా,

కంగారు పడకు. డాక్టరు మాట ఎత్తాను. "మా అక్కకి రాశావంటే నీ పళ్ళు రాలగొడతా" అన్నాడు, నవ్వుతూనే అనుకో. నేనేం చెయ్యను చెప్పు? పెద్ద మనిషి, ఈడ్చుకెళ్ళడానికి మేకపిల్లా?

కానీ గొంతు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నిన్న పొద్దుటినుంచి సాయంత్రం దాకా వాడి గొంతే వింటూ కూర్చున్నా. ఒక పాటలో వాడి గొంతు మీద వాడి గొంతే మూడు పొరలు వేశాం. ముగ్గురు రసెల్‌లు అన్నదమ్ముల్లా కలిసి పాడుతుంటే ఒళ్ళు జలదరించింది. ఎలెక్ హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుని గిటారు కలుపుతూ, "వెధవ, ఎంత బాగా పాడుతున్నాడ్రా ఇవాళ" అన్నాడు. మాటలైతే లేవు కానీ, పాటలో ఇద్దరికీ రాజీ కుదిరినట్టే ఉంది. బార్నీ కూడా అదే అన్నాడు, ఈమధ్య బృందంలో గొడవలే లేవు, ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేమని.

ఇప్పుడు ఆ ఈల కూడా వినిపించడం లేదు. నువ్వు నిశ్చింతగా ఉండు. రోజూ వింటున్నాను కదా, ఏదైనా తేడా వస్తే ముందు తెలిసేది నాకే.

ట్రెవర్


టాడ్‌మర్డెన్,
జులై

ట్రెవర్,

రసెల్ పుట్టినరోజని నేను పంపిన కేకు, మేజోళ్ళు తిరిగొచ్చాయి. పొట్లం మీద "ఇక్కడ ఉండటం లేదు" అని ఎవరిదో చేతిరాత. ఇల్లు మారాడా? మారితే నువ్వు రాయలేదేం?

నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. గొంతు బాగుంది అన్నావు. రోజూ వింటున్నా అన్నావు. ఎలెక్ వింటున్నాడు, బార్నీ వింటున్నాడు. ఉత్తరమంతా వెతికాను. వాడు ఏం చొక్కా వేసుకొచ్చాడు, ఏం తిన్నాడు, ఎవరిని తిట్టాడు, ఒక్క ముక్క లేదు.

నేను మగ్గాల దగ్గర బతికినదాన్ని. మనిషి మొహం కనపడకపోతే మాట నమ్మను. సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. వాడిని చూశావా? వినడం కాదు. చూశావా?

డోరీన్


లండన్,
జులై

అక్కా,

చూడలేదు.

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని అందరినీ అడిగాను. బార్నీ, "ఎలెక్‌తో రాజీ పడి అతనింట్లో ఉంటున్నాడనుకున్నా" అన్నాడు. హ్యూ, "సాయంత్రాలు వస్తున్నాడుగా" అన్నాడు. ఎలెక్‌ని అడిగితే, "నిన్న కూడా వాడితోనే కదా వాయించింది" అని, ఆ మాట నోట్లో ఉండగానే పాలిపోయాడు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. బృందం వ్యవహారాలు చూసే ఆయనకేమో రసెల్ స్పెయిన్ వెళ్తున్నానని చెప్పాడట. హాలివెల్ గారేమో, "అతని పాటలన్నీ ఎప్పుడో అయిపోయాయి, ఇంక పిలవాల్సిన అవసరమేం వచ్చింది?" అన్నారు.

మే నెల చివరి సెలవుల తర్వాత వాడిని ఎవరూ చూడలేదక్కా. నేనూ చూడలేదు. పొద్దున్నే వచ్చి మెషీన్ పెట్టగానే వాడి గొంతు పలుకుతుంది. ఎవరు తలుపు తీసినా వాడు గదిలో ఉన్నట్టే. ఒకరోజు అలవాటుగా వాడికి కూడా టీ తెప్పించాను. అయినా బుర్రకి తట్టలేదు.

ఇంకొకటి దాచాను. నువ్వు తిట్టినా సరే. మే నెలంతా వాడు రోజూ వచ్చాడు. ఇంకా వాద్యం కట్టని పాటలు కూడా ముందే పాడేస్తానన్నాడు. ఎందుకురా తొందర అంటే, "నా ట్రాకు నింపేసి పెడితే మీ ఇష్టం వచ్చినప్పుడు వాయించుకుంటారు" అన్నాడు. లైను మొత్తం ఒక్క ఊపిరిలో రావడం లేదు. సగం ఇవాళ, మిగతా సగం రేపు. నేను అతికించాను. మధ్యలో కూర్చుండిపోయి చేత్తో ఆగమని సైగ చేసేవాడు. ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఈల వినిపించడం లేదని నీకు రాశానే, అది పోలేదక్కా. నేనే తుడిచేశాను. అంత బాగా తుడిచాను కాబట్టే ఎలెక్‌కి అనుమానం రాలేదు. పోనుపోను నాకూ రాలేదు.

ఎక్కడని వెతకను? చెప్పు, ఇప్పుడే బయలుదేరతాను.

ట్రెవర్


గ్రేంజ్-ఓవర్-సాండ్స్,
ఆగస్టు

ట్రెవర్,

దొరికాడు.

నాన్నకి జబ్బు ముదిరినప్పుడు మిల్లు సంఘంవాళ్ళు గాలిమార్పుకని ఒకసారి ఈ సముద్రపు ఊరికి పంపారు. తిరిగొచ్చాక నెల రోజులు నాన్న దీని గురించే చెప్పాడు. రసెల్‌కి బాగోకపోతే వచ్చేది ఇక్కడికేనని నా మనసుకి తోచింది. మిల్లులో సెలవు అడిగితే ఇవ్వనన్నారు. ఇవ్వకపోతే పొండి అని వచ్చేశాను.

ఇంటింటికీ తిరిగాను. ఒక అద్దెగదుల ఇంట్లో దొరికాడు. దేశమంతా గోడల మీద చూసిన మొహం, ఆ ఇంటావిడ గుర్తుపట్టలేదు. అంత పాడైపోయాడురా. కిటికీ దగ్గర కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, చేతకాలేదు. నేను గట్టిగా ఏడ్చాను. వాడు నవ్వాడు.

డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు. వారాలే అన్నాడు. ముందు వచ్చుంటే అని అడిగితే, ముందు వచ్చుంటే ఇంకొన్నాళ్ళు ఉండేవాడేమో, ఆ పాటలు పాడకుండా ఉంటే ఇంకా కొన్నాళ్ళేమో అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేడట.

నాకెందుకు చెప్పలేదురా అని రసెల్‌ని నిలదీశాను. నాన్నని పూడ్చి ఇంటికొచ్చిన రోజు నేనొక మాట అన్నానట. "ఇంకోసారి ఇలాంటిది చూడాల్సొస్తే నేను బతకను" అని. నాకు గుర్తే లేదు. వాడు గుర్తుపెట్టుకున్నాడు. నాకా బాధ తప్పించాలని ఇక్కడ ఒంటరిగా చావడానికి వచ్చాడు, వెర్రినాగన్న. ఎలెక్‌కి చెప్పలేదేం అంటే, "తెలిస్తే వాడు రికార్డు ఆపేసి నా పక్కన కూర్చుంటాడు" అన్నాడు.

కూర్చోవాల్సిందే కదా. మూడు మాటలు మాట్లాడి ఆగుతాడు, మళ్ళీ మూడు. అందులో ఒకటి ఎలెక్ పేరే. కాబట్టి విను. ఎలెక్‌ని పంపు. నువ్వూ రా. పని ఏమైతే నాకేంటి, రైలెక్కండి.

డోరీన్


లండన్,
ఆగస్టు

అక్కా,

చెప్పాను. ఎలెక్ నా చొక్కా పట్టుకుని ఏడ్చాడు. వస్తానన్నాడు, రేపే అన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే స్టూడియోలో ఉన్నాడు. ఆఖరి పాటలో గిటారు ముక్క ఒకటి మిగిలిందట. అది వాడు మెచ్చేలా ముగించి, ఆ పాట తీసుకెళ్ళి వాడికి వినిపిస్తాడట. నాలుగు రోజులైంది. వాయిస్తాడు, బాగోలేదంటాడు, తుడిచెయ్ అంటాడు, మళ్ళీ మొదటినుంచి. "బయలుదేరు ఎలెక్" అంటే హెడ్‌ఫోన్ తీయకుండానే, "ఎక్కడికి? వాడిక్కడే ఉన్నాడు కదా" అన్నాడు. నాకు భయమేసింది.

నా సంగతి కూడా చెబుతా. రావడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఇక్కడ మెషీన్ పెడితే వాడు నిండుగా, హాయిగా పాడుతున్నాడు. అక్కడికొస్తే నువ్వు చెప్పిన మనిషిని చూడాలి. అలా చూడకుండా ఉన్నంతసేపూ వాడికేమీ కానట్టే ఉంది. ఇలా అనుకోవడం తప్పని తెలుసు.

శుక్రవారం బయలుదేరతాం. ఎలెక్‌ని ఎలాగైనా లాక్కొస్తాను. ఇంకో నాలుగు రోజులే, అక్కా. వాడితో చెప్పు.

ట్రెవర్


టాడ్‌మర్డెన్,
నవంబరు

ట్రెవర్,

సమాధుల దగ్గర నేను నీతో మాట్లాడలేదని ఎలెక్‌తో అన్నావట. నిజమే, మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఏమనేదాన్నో నాకే తెలియదు. ఇప్పుడు కాస్త నెమ్మదించాను కాబట్టి రాస్తున్నా.

మీరు శుక్రవారం బయలుదేరతామన్నారు. వాడు బుధవారం పోయాడు. నీ ఉత్తరం అందిన రోజునే వాడికి చెప్పాను, శుక్రవారం వస్తున్నారని. అప్పటికి గొంతు పూర్తిగా పోయింది. ఊపిరి లోపలికి పోవడానికే చాలడం లేదు, మాటకెక్కడిది? ఆఖరి మూడు రోజులు పెదాలు మాత్రం కదిపాడు. ఇంటావిడకీ డాక్టరుకీ ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు అన్నీ అర్థమయ్యాయి. మిల్లులో ఎడ్నాతో మాట్లాడినట్టే మాట్లాడుకున్నాం. ఎలెక్‌ని బండబూతులు తిట్టాడు, ఆ తర్వాత వచ్చాడా అని అడిగాడు. నిన్నూ అడిగాడు. ప్రతిసారీ తలుపు వైపు చూసేవాడు. నేను అడ్డం తిరిగి కూర్చునేదాన్ని, ఖాళీగా ఉన్న తలుపు వాడికి కనపడకూడదని.

నీ మీద కోపం ఉంది. ఎప్పటికి పోతుందో చెప్పలేను. నువ్వు చెడ్డవాడివి కాదని తెలుసు, ఎలెక్ కూడా కాదు. రసెల్‌ని పూడ్చేటప్పుడు అతను మట్టిలో కూలబడి, "మొన్నటిదాకా వాడితోనే ఉన్నానక్కా, రోజంతా వాడితోనే ఉన్నాను" అని ఒకటే ఏడుపు. నేను తల నిమిరాను. ఏమని చెప్పను? వాడు నిజంగానే అలా అనుకుంటున్నాడు.

మొన్న మీ హాలివెల్ గారి దగ్గర్నుంచి రికార్డు వచ్చింది. అట్ట మీద నలుగురూ భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్న పాత ఫొటో. దుకాణాల ముందు జనం బారులు తీరుతున్నారట. ఎడ్నా కొడుకు తెగ మెచ్చుకున్నాడు. రసెల్ ఇంత తేలిగ్గా ఎప్పుడూ పాడలేదట, అలుపే లేదట. అవును నాయనా అన్నాను.

రికార్డు నీకే తిప్పి పంపుతున్నాను. ఇంట్లో వద్దు. వింటే వాడు పక్కగదిలో ఉన్నాడనిపిస్తుంది. ఒకరోజు విని, రెండో రోజు విని, ఆ తర్వాత వాడికి కూడా కంచం పెడతాను. మీకు జరిగింది అదే కదా. వాడు పోయాడు ట్రెవర్. నా కళ్ళతో చూశాను, నా చేతులతో కళ్ళు మూశాను. అది నాకు కావాలి. ఎంత నొప్పెట్టినా సరే, దాన్ని ఎవరూ తుడవొద్దు.

నిన్న మా వీధి చివర దుకాణానికి ఫోను చేసి, నన్ను పిలవమన్నావట. నేను వెళ్ళలేదు. ఇకమీదట చెయ్యకు. నా దగ్గర తిట్లు తినాలనుంటే వచ్చి తిను, అన్నం కూడా పెడతాను. కానీ నువ్వు రావాలి. నా ఎదురుగా కూర్చోవాలి. గొంతు మాత్రం పంపకు.

డోరీన్